రెండు సీసాల మీదా మార్చి 13

మా నీటి పరీక్షల ల్యాబులో రమణమూర్తి సీసాకు లేబులు అంటించడం చూసి తీరాలి. పెళ్ళికూతురికి బాసికం కడుతున్నట్టు ఊపిరి బిగపట్టి అంటిస్తాడు. కాస్త వంకర పోయిందా, పీకి ఇంకోటి. తండ్రి అమలాపురం వైపు నుంచి ఉక్కు ఫ్యాక్టరీ పనికి వచ్చినవాడు. ఇతను ఉక్కునగరం క్వార్టర్లో పుట్టి పెరిగినా మాట చివర "అండి" మాత్రం గోదావరిదే. చేతిరాత మానేసి, ఇంటి నంబర్ల ఫైలు కంప్యూటర్లో పెట్టి లేబుళ్ళు అచ్చు తీయడం మొదలెట్టాక కొంచెం గర్వం కూడా వచ్చింది. మేమూ ఎక్కించాం లెండి.

పరవాడ దాటాక సముద్రపొడ్డున ఒక జాలరిపేట ఉంది. అక్కడ రెండే బోర్లు. ఒకటి సూర్యకాంతమ్మది, రెండోది ఆమె తోటికోడలు గురువమ్మది. వలల పంపకంలో మాట తేడా వచ్చి ఇద్దరికీ పలుకుల్లేవు. మా నీళ్ళు తియ్యనంటే మా నీళ్ళు తియ్యనని పేటను కూడా రెండు ముక్కలు చేసుకున్నారు. వానలకు పిల్లల కడుపులు పాడవుతుంటే, రమణమూర్తి ముందే లేబుళ్ళు అంటించిన సీసాల్లో రెండు బోర్ల నీళ్ళూ పట్టుకొచ్చాడు. ఒక సీసాలో మురుగు కలిసిందని తేలింది.

ఏ సీసా? రెండింటి మీదా "మార్చి 13" అనే ఉంది.

సూర్యకాంతమ్మ ఇంటి నంబరు 3-13, గురువమ్మది 13-3. కంప్యూటరు రెండింటినీ తేదీలనుకుని ఒకే రోజుకు ముడి పెట్టేసింది. మావాడు చూశాడట గానీ, నీళ్ళు పట్టిన తేదీ కాబోలు అనుకున్నాడట. అప్పుడు నడుస్తున్నది ఆగస్టు! ముచ్చటగా ఉన్నదాన్ని చూసి మురుస్తాం గానీ చదవం. శుభలేఖలైనా అంతే కదా.

"పేట మురుగంతా సముద్రం వైపే పోతుంది, ఆ వైపున్నది సూర్యకాంతమ్మ బోరేగా. అదే చెడ్డదని రాసెయ్యవయ్యా," అన్నాడు మేనేజరు.

"తప్పయితేనండి? మంచి నీళ్ళు మాన్పించి పసిపిల్లలకి ఆ మురుగే పోయిస్తామండి," అన్నాడు రమణమూర్తి. మళ్ళీ రెండు ఖాళీ సీసాలు సంచిలో వేసుకుని బయల్దేరాడు. తోడుగా నన్నూ లాక్కుపోయాడు.

రెండిళ్ళ మధ్య నిలబడి, జరిగింది దాచకుండా చెప్పాడు. ఫలితం తేలేదాకా ఏ బోరు నీళ్ళూ తాగొద్దన్నాడు. సూర్యకాంతమ్మ బుగ్గలు నొక్కుకుంది.

"ఓలమ్మో! సదువుకున్న బాబు మా కొంపల్ని పంచాంగంలో కలిపేసినాడర్రా! ఇకనుంచి తారీకు సూసుకుని తాగాలేటి బాబూ, నీల్లు?"

అవతల అరుగు మీద గురువమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. రమణమూర్తి చెవులు ఎర్రబడ్డాయి. "తప్పు నాదేనండి," అని, వాళ్ళ కళ్ళెదుటే సీసాల మీద పేర్లు రాసి, ఎవరి సీసా వాళ్ళ చేతికే ఇచ్చి నీళ్ళు పట్టించాడు. ఆ రాత కాస్త వంకరగానే వచ్చింది.

ఫలితం వచ్చింది. మేనేజరు ఊహే నిజం, చెడ్డది సూర్యకాంతమ్మ బోరే. అయినా ఆ మాట ఫోన్లో చెప్పడానికి రమణమూర్తికి మనసొప్పలేదు. మళ్ళీ వెళ్ళాం. గొడవ పడుతుందేమోనని నేను బస్సు వేళలు కూడా కనుక్కుని ఉంచుకున్నాను.

సూర్యకాంతమ్మ గొడవ పడలేదు. "ఇంకెవులైనా సెప్తే నానొప్పుకోను. నా సేత్తో పట్టిన సీసాయే గదా, ఏటంతాను?" అంది. కాసేపు తన బోరు వైపే చూస్తూ కూర్చుంది. లోపల మనవరాలి ఒళ్ళో మునిమనవరాలు ఏడుస్తోంది. లేచి బిందె చంకనెట్టుకుని తోటికోడలి గుమ్మం దాకా వెళ్ళింది. పిలవలేదు, అలా నిలబడింది.

గురువమ్మ బోరు కొడుతూ తలెత్తింది. "ఏటే అక్కా, అక్కడే నిలబడిపోనావ్? బిందెట్టు. మా నీల్లు తియ్యగున్నాయో లేవో తాగి సెప్పు మరి."

సూర్యకాంతమ్మ దోసిలి పట్టి తాగింది.

"సప్పగున్నాయి," అని, నిండిన బిందె పక్కకు దించి ఇంకో బిందె కోసం మనవరాలిని కేకేసింది.