చెప్పుల స్టాండు చూసి పెట్టిన సంతకం

కరోనా సద్దుమణిగిన మరుసటి సంవత్సరం, వినాయక చవితికి వారం ముందు, నన్ను బెంగళూరులోని మడివాళ సెక్షనుకు మార్చారు. అప్పటికి నేను చెదలు, బొద్దింకలు, ఎలుకలు నిర్మూలించే ఒక కంపెనీలో ఆపరేషన్స్ సూపర్‌వైజరును. మాది చిక్కపేటలో మూడు తరాలుగా గుడ్డల వ్యాపారం చేస్తున్న తెలుగు కుటుంబం. అందరూ చీరలు అమ్ముకుంటుంటే నేనొక్కణ్ణే ఎలుకల వెంటపడ్డాను. పెళ్లిళ్లలో బంధువులు నన్ను చూసి కొండను తవ్వి ఎలుకను పట్టేవాడొచ్చాడని ఏడిపించేవారు. నేనూ నవ్వేవాణ్ణి. మడివాళ తర్వాత ఆ మాటకు నవ్వడం నా వల్ల కాలేదు.

మా పనిలో అంతస్తులు మూడు. టెక్నీషియన్ మందు పెడతాడు. సూపర్‌వైజరు స్థలం చూసి, ఏ పద్ధతి వాడాలో నిర్ణయించి, జాబ్ కార్డు మీద సంతకం చేస్తాడు. ఆ పైన బ్రాంచి మేనేజరు ఉంటాడు గానీ ఆయన స్థలం చూడడు, కార్డు చూస్తాడు. సూపర్‌వైజరు సంతకం పడకుండా టెక్నీషియన్ మందు డబ్బా మూత తీయకూడదు. అంటే అక్కడ జరిగే మంచికైనా చెడుకైనా బాధ్యుడు సూపర్‌వైజరే.

నాకు వచ్చిన మొదటి ఫిర్యాదు మునిస్వామప్ప అనే ఇంటి యజమానిది. అరవై దాటిన మనిషి. తాతల కాలం నుంచి బెంగళూరులోనే ఉన్న తెలుగువాళ్లు, మాట మా ఇంటి మాటలాగే ఉంటుంది. మూడంతస్తుల ఇంట్లో పై రెండంతస్తులూ, కింద వెనకవైపు రెండు గదులూ ఉద్యోగాలు చేసుకునే అమ్మాయిలకు పీజీగా ఇచ్చి, కింద ముందు భాగంలో ఆయనా భార్య రత్నమ్మా ఉండేవారు. అమ్మాయిలకు వంట రత్నమ్మే చేసేది.

ఆయన బాధ హెగ్గణాలు. పందికొక్కులను బెంగళూరులో అందరూ కన్నడ పేరుతో అలాగే అంటారు. ఇంటి ఎలుక అటకల మీద, గోడల సందుల్లో బతుకుతుంది. పందికొక్కు అలా కాదు, నేలను తవ్వుతుంది. మురుగు ఛాంబరు పక్కన మొదలుపెట్టి పునాది కింది మట్టినంతా లాగి బయట పోస్తుంది. వెనక పెరట్లో, కాంపౌండు గోడ మూల, బుట్టెడు కొత్త మట్టి పోసి ఉంది. గుమ్మంలో విడిచిన చెప్పుల్ని కూడా కొరికేస్తున్నాయని రత్నమ్మ చెప్పింది.

నివాసముండే ఇళ్లలో దీనికి సరైన మార్గం బోనులు. చెత్త బయట లేకుండా చేసి, ఎండుకొబ్బరో బజ్జీ ముక్కో పెట్టి బోనులు వరసగా కొన్నాళ్లు ఉంచాలి. కన్నాల్లో కాగితం కుక్కి, మర్నాడు ఏది తెరుచుకుందో చూసి, ఏ కన్నంలో ఇంకా పందికొక్కు తిరుగుతోందో తేల్చుకోవాలి. చివరికి గాజుపెంకులు కలిపిన సిమెంటుతో మూసి, ఛాంబరుకు ఇనుప జాలీ బిగించాలి. ఓపిక కావాలి, అంతే. నేను అదే చెప్పాను. ఆయన ఒప్పుకోలేదు.

"ఇంట్లో గణపతిని కూచోబెడతాండామప్పా. ఆయన వాహనాన్ని ఆయన ఎదురుగానే బోనులో పెట్టి ఎత్తకపోతే చూసేదానికి బాగుంటుందా? నిమజ్జనం అయిపోనీ. అయినంక కూడా నా కంటికి కనపడకుండా, లోపల్లోపలే అయిపోవల్ల," అన్నాడు.

ఇంకొకరైతే నవ్వి నచ్చజెప్పేవారేమో. నాకు లోపల అదే సంకోచం ఉంది. ముప్పై ఏళ్లు ఎలుకల్ని చంపిన నేను కూడా చవితినాడు బోను ముట్టుకునేవాణ్ణి కాదు. పైగా నన్ను అప్పా అని పిలిచి, కాఫీ ఇచ్చి, మా తాతగారి కొట్టు గుర్తుందన్న మనిషి. తొమ్మిది రోజులు ఆగుదామన్నాను. ఆ తొమ్మిది రోజులూ పందికొక్కులు ఆగలేదు.

కనపడకుండా చంపడానికి మా దగ్గర ఉన్నది ఒకటే, ఫాస్ఫైడ్ మాత్రలు. గోదాముల్లో ధాన్యానికి వాడేవి. తేమ తగిలితే విషవాయువు వదులుతాయి. లైసెన్సు ఉన్నవాళ్లు తప్ప ఇంకెవరూ ముట్టకూడదు, మనుషులుండే ఇళ్ల పక్కన అసలు వాడకూడదు. మా కంపెనీ మాత్రం కన్నం గోడకు ఇంత దూరంలో ఉంటే, ఇంట్లో ఎవరూ లేకుంటే, సూపర్‌వైజరు ప్రతి తలుపూ తట్టి చూస్తే వాడవచ్చని తనకు తానే ఒక వెసులుబాటు రాసుకుంది. ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకోవడమంటే ఇదే. ఆ మాట ఇప్పుడు రాస్తున్నాను. ఆ రోజు అనలేదు.

నిమజ్జనం మర్నాడు ఉదయం పదింటికి టెక్నీషియన్ నాగరాజుతో వెళ్లాను. టేపు పెట్టి కొలిచాం. కన్నం నోటి నుంచి గోడకు కావలసిన దాని కంటే ఎక్కువే ఉంది. కానీ లోపల సొరంగం ఎటు పోతుందో టేపు చెప్పదు. దానికి కన్నంలోకి పొగ వదిలి, ఎక్కడ బయటికొస్తుందో చూసే పద్ధతి ఉంది. రాత్రి వాన పడింది, పొగ నిలవదని వదిలేశాం.

ఇక తలుపులు తట్టాలి. మునిస్వామప్ప గుమ్మం పక్కనున్న చెప్పుల స్టాండు చూపించాడు. ఆ ఇంట్లో నియమం ఏమిటంటే, అమ్మాయిలెవరూ చెప్పులు లోపలికి తేకూడదు. అందరూ స్టాండులో విడవాలి. ఎవరు ఇంట్లో ఉన్నారో, ఎవరు బయట ఉన్నారో ఆయన స్టాండు చూసి చెప్పేవాడు. ఎప్పుడూ తప్పలేదట.

"చూడప్పా, ఒక్క జత కూడా లేదు. పిల్లోళ్లంతా డ్యూటీలకి పోయినారు. రూములన్నీ ఖాళీగా ఉండాయి. దేనికి మెట్లెక్కేది?" అన్నాడు.

నేను స్టాండు చూశాను. నిజంగానే ఖాళీగా ఉంది. కార్డులో 'ఇంట్లో ఎవరూ లేరు' అన్న చోట టిక్కు పెట్టి సంతకం చేశాను. నాగరాజు మాత్రలు వేసి కన్నం మూశాడు. ఆ దంపతులను సాయంత్రం దాకా బంధువులింటికి వెళ్లమని చెప్పి, నేను పక్క వీధిలో మరో పని చూసుకోవడానికి వెళ్లాను.

ఒంటిగంట దాటాక మునిస్వామప్ప ఫోను. ఏదో మరిచి ఇంటికి వస్తే, కింద వెనక గదిలోంచి మూలుగు వినిపించిందట. "ఒక పిల్లకి ఒకటే వాంతులప్పా. దానికీ మీ మందుకీ ఏమైనా సంబంధం ఉండాదా?" అని అడిగాడు. నేను పక్క వీధిలోంచి పరుగెత్తుకొచ్చాను.

ఆ అమ్మాయి పేరు సలోమి. ఒంగోలు దగ్గరి ఊరు, తండ్రి చిన్న చర్చిలో పాస్టరు. ఒక ఆసుపత్రిలో నర్సు. ఆ వారమే నైటు డ్యూటీ వేశారు. తొమ్మిదింటికి వచ్చి పడుకుంది. కొత్త బూట్లు. పందికొక్కులు కొరుకుతాయని, మునిస్వామప్ప చూడకుండా చేత్తో పట్టుకుని గదిలోకి తీసుకుపోయింది. అవి మంచం కింద ఉన్నాయి. వాటి పక్కనే ఒక పలక విరిగి, వేలు దూరేంత సందు కనిపించింది. తర్వాత గచ్చు తవ్వి చూస్తే సొరంగపు పాయ ఒకటి అక్కడికే వచ్చి ఉంది.

ఆ వాయువు వెల్లుల్లి వాసన వేస్తుంది. మామూలుగా మనిషిని లేపేది ఆ వాసనే. ఆ గదికి గోడ అవతల రత్నమ్మ వంటిల్లు, రోజూ వెల్లుల్లి కారం దంచే ఇల్లు. మధ్యలో మెలకువ వచ్చిందనీ, ఆంటీ కారం దంచుతున్నారనుకుని మళ్లీ పడుకున్నాననీ గదిలోంచి బయటికి తెచ్చేటప్పుడు సలోమి నాతో చెప్పింది.

కిటికీలు తెరిచి, ఆమెను బయటికి తెచ్చి, ఆటోలో ఎక్కించాం. వెనకే వచ్చిన రత్నమ్మ ఒక పక్క, నేను ఒక పక్క. ఒళ్లు చల్లగా ఉంది. అయినా తెలివి స్పష్టంగా ఉంది. నా చొక్కా మీది కంపెనీ గుర్తు చూసింది.

"అంకుల్, ఏం మందు వేశారు? పేరు చెప్పండి," అంది.

ఇలాంటి సమయాల్లో ఏమనాలో కంపెనీ మాకు శిక్షణ ఇచ్చింది. ఎన్నో ఏళ్లుగా కస్టమర్లకు చెప్పి చెప్పి నాలుకకు అలవాటైన మాట. "మీ గదిలో మేమేమీ వేయలేదమ్మా," అన్నాను. అబద్ధం కాదు. మందు వేసిన చోటు పెరడు అనే కార్డులో కూడా ఉంది. ఆమె మళ్లీ అడగలేదు, తల సీటుకు ఆనించి కళ్లు మూసుకుంది.

ఆసుపత్రిలో డాక్టరు ఏం తిన్నారని అడిగితే రత్నమ్మ, "నిన్న బయట బిర్యానీ తినింది సార్," అంది. ఆమె నమ్మిందే చెప్పింది. డాక్టరు ఆహారం వికటించిందనుకుని వైద్యం మొదలుపెట్టాడు. నేను వరండాలోకి వచ్చి మేనేజరుకు ఫోను చేశాను. ఏమీ మాట్లాడొద్దని, తాను బయలుదేరుతున్నానని అన్నాడు. నేను అక్కడే నిలబడ్డాను. ఇరవై నిమిషాలు. గోడ గడియారం ఎదురుగానే ఉంది, కాబట్టి ఖచ్చితంగా తెలుసు.

తర్వాత లోపలికి వెళ్లి చెప్పేశాను. డాక్టరు చేతిలో పెన్ను ఆగింది. ఎప్పటి నుంచి తెలుసని అడిగాడు. ఆమె పడుకున్న గదిలో అడుగు పెట్టినప్పటి నుంచి అన్నాను. వెంటనే ఆమెను ఐసీయూకి మార్చారు. ఆ విషానికి విరుగుడు లేదు. గుండె నిలబడేలా చూడడం, ఊపిరికి సాయం చేయడం, అంతవరకే. మర్నాడు మధ్యాహ్నం సలోమి చనిపోయింది. ఆమెకు ఇరవై నాలుగేళ్లు.

ఆ ఇరవై నిమిషాలు ముందు చెప్పి ఉంటే బతికేదా అని డాక్టరును తర్వాత అడిగాను. చెప్పలేనన్నాడు. బతికేది కాదు అని ఆయన అనలేదు. ఆ మాట అంటాడేమోనని ఎంత ఆశపడ్డానో రాయడానికి సిగ్గుగా ఉంది.

కేసు నమోదైంది, కంపెనీ లైసెన్సు ఆపేశారు. నేను పోలీసులకు స్టాండు సంగతి, పొగ సంగతి, వరండా సంగతి అన్నీ చెప్పాను. మునిస్వామప్ప పీజీ మూసేశాడు. ఆటోలో ఆమె అడిగింది మాత్రం ఎవరూ నన్ను అడగలేదు, నేనూ చెప్పలేదు. దాన్ని రాబట్టింది ఆమె తండ్రి.

మార్చురీ బయట బల్ల మీద కూర్చుని ఉన్నాడు. ఊరి నుంచి వచ్చిన బట్టలతోనే ఉన్నాడు. నేను ఎవరో చెప్పాను. కోప్పడతాడనుకున్నాను, కొట్టినా సరేననుకున్నాను. ఆయన నెమ్మదిగా, "దార్లో మా పాప ఏవన్నా మాట్లాడిందా అండీ?" అని అడిగాడు.

మందు పేరు అడిగిందని చెప్పాను.

"చెప్పారా?"

లేదన్నాను.

ఆయన తల ఊపాడు. "పేరు తెలిస్తే డాక్టరు గారికి తనే చెప్పుకునేదండీ. నర్సు కదా," అన్నాడు.

ఆ తర్వాత రెండేళ్లు ఇంకో కంపెనీలో పనిచేసి రిటైరయ్యాను. మనుషులుండే ఇంట్లో ఆ మాత్రలు మళ్లీ వాడలేదు, వాడనివ్వలేదు. ఇప్పుడు కూడా ఎలుకల గురించి సలహా అడిగేవాళ్లు ఫోను చేస్తుంటారు. బోనులు పెట్టమంటాను, కన్నాలు సిమెంటుతో మూయమంటాను, మాత్రలు తెస్తానన్నవాణ్ణి గడప తొక్కనివ్వొద్దంటాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకు చెప్పేది వేరు. తలుపు చేత్తో తట్టాలి. ఎవరికైనా ఒంట్లో బాగాలేదని తెలిస్తే, అడిగినా అడగకపోయినా, నోరు తెరవగానే మందు పేరు చెప్పాలి. తప్పెవరిదన్న మాట ఆ తర్వాత.