ఎండుచేపల కుండలో మరుగుదొడ్డి

మా ఆవిడ ఎండుచేపలు వేయిస్తుంటే ఆ కంపుకి వాకాడులో మా చిన్ననాటి ఇల్లు గుర్తొచ్చింది.

మీ అమ్మలు డబ్బు పోపులడబ్బాలో దాచేవాళ్లు కదా? మా అమ్మ ఎండుచేపల కుండలో దాచేది. ఆ వాసన పడని నాన్న దాని జోలికి రాడని ధీమా. మరుగుదొడ్డి కట్టించడానికని అలా మూడేళ్లు కూడబెట్టింది. ఒకరోజు నాన్న ముక్కు మూసుకుని మరీ అందులో చెయ్యి పెట్టాడు. ఆ డబ్బుతో ఇంటి ముందు సింహం బొమ్మల గేటు పెట్టించాడు.

"నలుగురూ చూసేది గేటునే గదా, దొడ్డినా?" అన్నాడు.

అమ్మ చెంబు పట్టుకుని ఆ గేటులోంచే సరుగుడు తోపుకి వెళ్లేది. నాన్నంటే నాకు రోత పుట్టింది.

ఇందాక మా ఆవిడ పొగకు దగ్గుతూ, "హాలుకి ఫాల్స్ సీలింగ్ తర్వాత చూద్దాం, ముందు వంటింట్లో చిమ్నీ పెట్టించండి" అంది.

"ఇంటికొచ్చినోళ్లు చూసేది హాలునే గదా?" అన్నాను.

థూ!