గేటుకి షాంపూ

మా అపార్ట్‌మెంటు పేరులో చెరువు ఉంది. బోరులో మాత్రం నీళ్లు లేవు. ఎడారిలో ఉండేవాళ్లకి కనీసం తాము ఎడారిలో ఉన్నామని తెలుసు. మణికొండలో మాకు ఆ మర్యాద కూడా దక్కలేదు.

ఏప్రిల్లో బోరు ఎండింది. ఎదురుగా లేస్తున్న రెండు టవర్ల దుమ్మంతా మా ఇళ్లలోకే. పొద్దున్నే పళ్లు తోముకుంటే ఇసుక నమిలినట్టుండేది. ట్యాంకర్ నీళ్లు తడిసిన కుక్క వాసన కొట్టేవి. వాటితో స్నానం చేశాక మళ్లీ స్నానం చేయాలనిపించేది. బకెట్ అంచున ఉప్పు తెల్లగా పేరుకుని, గోటితో గీకితే పెచ్చులుగా ఊడేది. ఆఫీసులో ఏసీకి స్వెట్టర్ వేసుకుని వణకడం, బయటికి రాగానే వీపుకి అంటుకున్న షర్టుని అరటితొక్కలా ఒలవడం. ఇదీ నా వేసవి.

మా వాచ్‌మన్ భార్యది పాలమూరు వైపు. సెల్లార్‌లో ఒక్క గదిలో మొగుడూ పెళ్లాం ఉండేవాళ్లు. తాగునీళ్ల ఫిల్టర్ నుంచి కారే పనికిరాని నీళ్లని నేను బకెట్లో పట్టి ఉంచితే, రోజూ పొద్దున వచ్చి తీసుకెళ్లేది.

"సాన్పి చల్లకుంటే దుమ్ము ఎట్ల అణుగుతది తమ్మీ? జర ఆ బకెట్ ఇటియ్యి."

సాన్పి అంటే కోస్తావాళ్ల కళ్లాపి. ఆమె చెయ్యి తిప్పి చల్లితే గేటు ముందు గంటసేపైనా గాలి పీల్చుకోవచ్చు.

ఒకరోజు మా అసోసియేషన్ ప్రెసిడెంటు, రిటైరైన పెద్దాయన, ఆమె ఫోటో తీసి అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. "స్నానాలకి నీళ్లు లేవండి. ఇక్కడ ఈవిడ ఏం చేస్తోందండి?"

నేను ఇంగ్లీషు అక్షరాల్లో "సాన్పి చల్లుతోంది" అని కొట్టాను. ఫోన్ తన తెలివి చూపించి సాన్పిని షాంపూ చేసింది. పంపాక చూశాను. దిద్దొచ్చు. కానీ బాగా నవ్వొచ్చింది, వదిలేశాను. గ్రూపులో ఒక్కరైనా నవ్వుతారని ఎదురుచూశాను కూడా.

ఎవరూ నవ్వలేదు. "గేటుకి షాంపూనా!" అని రెండో అంతస్తు. "అందుకే మా ట్యాంకు ఖాళీ" అని నాలుగో అంతస్తు. సాయంత్రానికి సెల్లార్‌లో మీటింగు. చెమట, పౌడరు, ఎవరో తింటున్న మిర్చి బజ్జీ, అన్నీ కలిసిన కంపు. ఆ కంపులోనే తీర్మానం: నెలాఖరుకి గది ఖాళీ చేయాలి. వాచ్‌మన్ తల వంచుకుని నిలబడ్డాడు. ఆమె నా వైపే చూస్తోంది. ఫ్లాట్లవాళ్లలో నిజం తెలిసినవాణ్ని నేనొక్కణ్నే.

లేచాను. "షాంపూ కాదండి, సాన్పి. ఫోన్ మార్చేసింది. ఆ నీళ్లు మా ఫిల్టర్ వదిలేసినవి, ట్యాంకువి కాదు."

ప్రెసిడెంటు కళ్లజోడు తీశాడు. "మరి ఆ ముక్క పొద్దున్నే చెప్పొచ్చు కదండీ?"

నా దగ్గర ఎప్పుడూ ఏదో ఒక జోకు ఉంటుంది. అప్పుడు వెతికాను. లేదు.

"నవ్వొచ్చిందండి," అన్నాను.

తీర్మానం కొట్టేశారు. ఎవరూ క్షమించమని అడగలేదు. బజ్జీల కాగితం నేల మీదే వదిలేసి పైకెళ్లిపోయారు. నేనూ మెట్లెక్కబోతుంటే ఆమె గది తలుపు తెరిచే ఉంది. లోపల సగం గిన్నెలు గోనెసంచిలో, మడత మంచం గోడకి ఆనించి ఉంది. మీటింగుకి ముందే సర్దడం మొదలుపెట్టారన్నమాట.

"అక్కా, ఫికర్ లేదు. ఇగ ఎక్కడికీ పోవద్దు."

ఆమె సంచిలోంచి గిన్నెలు తీస్తూనే ఉంది.

మర్నాడు బకెట్ నిండింది. ఆమె రాలేదు. చాలాసేపు చూసి, నేనే మోసుకుని కిందికి దిగాను. సగం నా ప్యాంటు మీదే ఒలికింది. ఆమె చీపురు ఆపకుండా గోడవైపు చూపించింది.

"అక్కడ పెట్టుండ్రి, సార్."