చివరి పన్నెండు పేజీలు

ఏడో తరగతితో బడికి దండం పెట్టేశాను. అయినా తిరుపతిలో నా అంత సాహిత్యం చదివిన వెధవ లేడని ఇప్పటికీ పందెం కాస్తాను. పదేళ్లు అద్దె పుస్తకాల అంగడిలో కూర్చున్నాను మరి. చేతికో ఫోను వచ్చాక కూడా పాత నవలల కోసం మా దగ్గరికి ఆడవాళ్లు వచ్చేవాళ్లు. ఆ నవలల్లో ప్రేమించినవాళ్లెవరూ బాగుపడరు. క్షయ రావాలి, నూతిలో దూకాలి, కనీసం జుట్టు విరబోసుకుని తిరగాలి. ఒక టీ తాగి పడుకుంటే పోయేదానికి ఇన్ని పేజీలా అని నాకు నవ్వొచ్చేది.

పాత పుస్తకాలకు మొదట ఊడేవి చివరి కాగితాలే. అలాంటి పుస్తకం తిరిగిచ్చేటప్పుడు, మిగిలిన కథ నోటితో చెప్పడం మా అంగడి పద్ధతి. ఆ పని నాది. రెండేళ్లకే విసుగెత్తి, చచ్చినవాళ్లను బతికించడం మొదలుపెట్టాను. క్షయ రోగికి మదనపల్లె గాలితో నయం చేశాను. నూతిలో దూకినదానికి ఈత నేర్పాను.

వడమాలపేట నుంచి ఒకామె వచ్చేది. బస్టాండు దగ్గర జాకెట్లు కుట్టే అంగడిలో పని. ముప్పై దాటినా పెళ్లి కాలేదు. మేనత్త కొడుకు చెన్నైలో పనికి పోతూ, నిలదొక్కుకుని వస్తాను, ఉండు అన్నాడట. ఆరేళ్లుగా ఉంది. నేను ఊరుకుంటానా?

"ఏమక్కా, మీ బావ మెడ్రాసు నుంచి నడిచొస్తా ఉండాడా?"

"నీ నోట్లో మన్నుబొయ్య" అని నవ్వేది.

ఒక బుధవారం మాత్రం నవ్వలేదు. చివరి పన్నెండు పేజీలు లేని నవల బల్లమీద పెట్టింది. పట్నం పోయినవాడి కోసం ఒకమ్మాయి ఎదురుచూసే కథ.

"ఆ పిల్ల కడాకు ఏమయ్యిందప్పా? ఆయన వచ్చినాడా?"

"ఏమంత తొందర?"

"పుత్తూరు సమ్మందం వచ్చుండాది. మంచోడే. శుక్రారం మా నాయనకు ఏందో ఒకటి సెప్పల్ల. ఈ పిల్లకేమయితే నాకూ అదే అనుకోని సదివినా. సూస్తే పేజీల్లేవు."

నాకు ముగింపు తెలుసు. వాడు పెళ్లాం బిడ్డలతో వస్తాడు. ఎదురుచూసిన అమ్మాయి గుమ్మంలోనే ఆగి, ఆమెను గుర్తుపట్టక, మంచినీళ్లు అడుగుతాడు.

"వచ్చినాడు గదక్కా! బండి దిగంగానే కాళ్లమీద పడినాడు. పెండ్లిలో మూడు రకాల పాయసం."

"నిజంగానా?"

"అచ్చేసుండారక్కా. నేనేమన్నా అల్లినానా?"

ఆమె ముఖం వెలిగింది. అప్పుడైనా చెప్పుండొచ్చు. అంత తేలిగ్గా నమ్మే మనిషి దొరికితే ఆపబుద్ధి కాలేదు.

శుక్రవారం ఆమె పుత్తూరు సంబంధం వద్దంది. ఆ అబ్బాయికి నెలలోపే ఇంకోచోట పెళ్లయింది. మరుసటేడు మేనత్తే కొడుకు శుభలేఖ తెచ్చింది, కాబోయే చెన్నై కోడలి జాకెట్టు గుడ్డతో సహా. "నువ్వయితే బాగా కుడతావమ్మా" అందట. ఈమె కుట్టి ఇచ్చింది. పక్క మిషను ఆమె నాకు చెప్పింది.

తరవాత వారానికి ఆమె మళ్లీ వచ్చింది. చంద్రగిరిలో ఎవరింట్లోనో అదే నవల చిరగనిది సంపాదించింది. అంగట్లో నలుగురు ఆడవాళ్లున్నారు.

"సదువప్పా. ఆ పన్నెండు పేజీలు."

"అక్కా, నేను ఊరికే..."

"గట్టిగా. అందురూ వినల్ల."

చదివాను. మంచినీళ్ల దగ్గరికి వచ్చేసరికి ఒకే వాక్యం రెండుసార్లు చదివాను. నేనేదో వేషం కడుతున్నానని ఆ నలుగురూ పగలబడి నవ్వారు. నా వేషాలు వాళ్లకు అలవాటు మరి.

"పాయసం యాడప్పా?" అంది ఆమె. "మూడు రకాలంటివే."

పుస్తకం మూయబోయాను. ఆమె మధ్యలో వేలు పెట్టింది. సూది గుచ్చుకున్న మచ్చలు వేలినిండా.

"ఇంగా రెండు పేజీలుండాయి. సదువు."