‘ఏర్’ అన్నదెవరు?

నమ్మితే నమ్మండి, లేకపోతే నవ్వుకోండి... మధ్యలో మాత్రం అడ్డు రాకండి. దయ్యాల కబుర్లంటే నాకు ఒళ్ళుమంట. ఇంజన్లు విప్పి బిగించేవాణ్ణి నేను. చప్పుడొస్తే దానికో కారణం ఉంటుంది. ఆయిలు కారితే ఎక్కడో కంత ఉంటుంది. అంతే నాకు తెలిసింది. కానీ ఆ రాత్రి చూసినదానికి కారణం ఇప్పటికీ దొరకలేదు. నా పిల్లల మీద ఒట్టు, ఒక్క ముక్క కల్పించడం లేదు.

బైలదిల్లా ఇనుప గనుల్లో పని జోరుగా సాగుతున్న రోజులు. రాజమండ్రి నుంచి వచ్చి బచేలిలో ఒక షెడ్డులో మెకానిక్‌గా కుదిరాను. అక్కడే ముత్తయ్య పరిచయం. కోయ రైతు, కొంటా వైపువాడు, దంతెవాడకు ఇవతల అడవిలో ఒక పల్లెలో ఉండేవాడు. తెలుగు మాట్లాడతాడు కాబట్టి నాకు ప్రాణం లేచొచ్చేది. అతని దగ్గర ఒక ముసలి ట్రాక్టరు. పోసిన ఆయిల్లో సగం పొగగా ఊదేది, సగం నేలమీద కార్చేది. ఆ రోజు వాళ్ళింటి ముందే ఇంజను విప్పాను. అరిగిపోయిన రింగులు మార్చాను, ఆయిలు చాంబరుకు కొత్త ప్యాకింగు వేశాను. చాంబరు అడుగున ఆయిలు దించే బోల్టు ఉంటుంది. దాని వాషరు కూడా అరిగిపోయింది. కొత్తది దొరక్క పాతదే వేసి బిగించాను.

పొద్దుగూకేసరికి ముత్తయ్య భార్య సమ్మక్కకు నొప్పులు మొదలయ్యాయి. అంతకుముందు కాన్పులో, ఇంట్లోనే, బిడ్డ దక్కలేదట. ఈసారి ఎలాగైనా దంతెవాడ ఆసుపత్రికి తీసుకుపోవాలని ముత్తయ్య పట్టుదల. ఊళ్ళో బండి అంటే ఈ ట్రాక్టరొక్కటే. ట్రాలీలో గడ్డి పరిచి, ఆమెను పడుకోబెట్టి, పక్కన ముత్తయ్య తల్లిని కూర్చోబెట్టాం. ముత్తయ్య నడుపుతున్నాడు. నేను మడ్‌గార్డు మీద కూర్చుని ఆయిలు ప్రెషరు చూపే ముల్లునే చూస్తున్నాను.

దారి ఏట్లోకి దిగే చోట ముల్లు పడిపోయింది.

“ఆపు! ఆపెయ్! ఇంజను పట్టేస్తుంది!” అని అరిచాను.

ఇంజను ఆగింది. అబ్బ... ఆ నిశ్శబ్దం! ట్రాలీలో ఆమె మూలుగు ఒక్కటే. కిందకు దూరి చూస్తే, ఆ పాత వాషరు దగ్గరే... ధార. నా ఖర్మ అనుకున్నాను. బోల్టు తీసి, మిగిలిన ఆయిలు బకెట్లోకి పట్టి, బోల్టుకు దారం చుట్టి బిగించి, ఆయిలు మళ్ళీ పొయ్యాలి. వేరే దారి లేదు. ముత్తయ్య తల్లి చీర అంచు చించి ఇచ్చింది. పోగులు లాగి చుడుతున్నాను. ముత్తయ్య టార్చి పట్టుకున్నాడు.

అప్పుడు వినపడింది.

“ఏర్...”

మెల్లగా. గొంతులో ఏదో అడ్డుపడ్డట్టు.

“ఏర్... ఏర్...”

ఎవడ్రా బాబూ, ఏరు కళ్ళ ముందే ఉందిగా అని గొణుక్కున్నాను. ముత్తయ్య మాత్రం టార్చిని ఒక రాయి మీద ఆనించి, “ఉండు మేస్త్రీ, నా పెండ్లానికి దూపైనట్టుంది” అంటూ ట్రాలీ వైపు పోయాడు.

నేను బోల్టు ఎక్కించాను. చేతికంతా జిడ్డు. వేళ్ళు జారుతున్నాయి. ఇంతలో... పెద్ద టైరు పక్కన ఎవరో వచ్చి నిలబడ్డారు. కాళ్ళు కనిపిస్తున్నాయి. ముత్తయ్యే అనుకున్నాను.

“ఏంటా చోద్యం చూడ్డం? లైటు సరిగ్గా పట్టు!” అని కసిరాను.

కదల్లేదు.

టప్... టప్... నీళ్ళు కారుతున్నాయి. దుమ్ములో పడి చిన్న చిన్న గుంటలు. పాదాల మీద ఇసుక. మోకాళ్ళ దాకా మడిచిన ప్యాంటు...

ప్యాంటు.

ముత్తయ్య పంచెలో ఉన్నాడు.

అప్పుడే ట్రాలీ దగ్గర్నుంచి ముత్తయ్య గొంతు... “మేస్త్రీ! ఇది అడగలేదంట! నీళ్ళడిగింది ఎవరు?”

కళ్ళు మూశాను. తెరిచేసరికి కాళ్ళు లేవు. బోల్టు బిగించాను. ఎలా బిగించానో ఆ దేవుడికే తెలియాలి. బయటికి పాకి చెయ్యి పెట్టి చూశాను... నేల తడిగా ఉంది. వాన చుక్క లేదు.

గబగబా ఆయిలు పోశాం. స్టార్టు చేస్తే ముల్లు లేచింది. ముత్తయ్య గేరు వేశాడు. ఏట్లో చీలమండ లోతు నీళ్ళే. కానీ ఆ ‘ఏర్’ ఇంకా నా చెవుల్లోనే ఉంది. ఇంజను ఆపే వైరు పట్టి లాగేశాను.

“పిచ్చి లేసిందా ఏంది నీకు?” ముత్తయ్య నా చొక్కా పట్టుకున్నాడు.

“ఏరు అన్నాడయ్యా! దాటొద్దని చెబుతున్నాడు!”

“ఏరు గాదు! మా కోయ మాటల ఏర్ అంటే నీళ్ళు. వాడెవడో దూపకు నీళ్ళడిగిండు! వదులు మేస్త్రీ, నా పెండ్లాం సస్తది!” అంటూనే ఏడ్చేశాడు.

నేను నోరు తెరిచేలోపు... ఎగువ నుంచి ఒక మోత. ముందు గాలి అనుకున్నాను. తర్వాత కొమ్మలు విరుగుతున్న చప్పుడు. రాళ్ళు దొర్లుతున్న చప్పుడు. టార్చి వేశాను. కొండల్లో ఎక్కడో కురిసిన వాన... ఎర్రమట్టి నీళ్ళు, మనిషెత్తున. మేము దిగాల్సిన దారి మీదుగా ఒక చెట్టు మొద్దు కొట్టుకుపోయింది.

ముత్తయ్య నా చొక్కా వదల్లేదు. అలాగే పట్టుకుని కూర్చుండిపోయాడు.

బిడ్డ ఆ గట్టు మీదే పుట్టింది, ట్రాలీలో, నాయనమ్మ చేతుల్లో. ఆడపిల్ల. కెవ్వుమన్నాక గానీ మేం మనుషుల్లో పడలేదు. తెల్లారి ఏరు తగ్గాక ఆసుపత్రికి చేర్చాం. తల్లీబిడ్డా క్షేమం.

ముత్తయ్య తన మాట మీదే ఉన్నాడు. ఇప్పటికీ ఆ దారిన పోతే ఒక ముంత నీళ్ళు గట్టు మీద పెట్టి పోతాడు. “ఒళ్ళంతా నీళ్ళు కారుతున్నవాడికి మళ్ళీ నీళ్ళెందుకయ్యా?” అని దెబ్బలాడాను. “సచ్చినోని దూప మనకేమెరుక మేస్త్రీ” అన్నాడు.

ఏమో... అతనన్నదే నిజమేమో. ఆ ఏట్లో ఎవరైనా పోయారా అని చుట్టుపక్కల అడిగి చూశాను. తెలియదన్నారు. కానీ ఆ వచ్చి నిలబడ్డవాడు తెలుగువాడే అయితే? నాలాగే పొట్ట చేతపట్టుకుని గనుల పనికి వచ్చినవాడైతే? ఇంటి దగ్గర ఏ తల్లో, వీడు మమ్మల్ని మరిచిపోయాడని ఇంకా తిట్టుకుంటోందేమో. ఏ ఊరు బాబూ నీది, ఎవరబ్బాయివి అని అడగాల్సింది. అంత దగ్గరకు వచ్చి నిలబడితే, లైటు సరిగ్గా పట్టమని కసిరాను.