గాలికి బిల్లు వేయని ఆఫీసు

నీళ్ల ఆఫీసులో ఫిర్యాదుల కిటికీ దగ్గర పాతికేళ్లుగా కూర్చున్న గుమాస్తాకు రెండు నాలుకలున్నాయని ఆయన భార్య నమ్మకం. ఒకటి వారమంతా "రాసుకున్నానండీ, చూస్తామండీ" అంటుంది. రెండోది శనివారం సాయంత్రం, లైబ్రరీ హాల్లో హాస్యసభకు మేలుకుంటుంది. అక్కడ ఆయన మామగారి పాత కోటు తొడుక్కుని, మీసం అతికించుకుని, ఆఫీసును ఆకాశానికెత్తే 'భజన సారు' అయిపోతాడు.

"కుళాయిలో నీళ్లు రాలేదని ఏడుపెందుకమ్మా? గాలి వస్తోందా లేదా? ఆ గాలికి మా ఆఫీసు ఏనాడైనా బిల్లు వేసిందా? అంత పెద్ద మనసు మాది!"

జనం నవ్వే నవ్వులకు ప్రతి ఆదివారం ఆ హాలు కుర్చీలకు మేకులు కొట్టాల్సి వచ్చేదట.

నవ్వనిది ఒక్కడే. మూడు వారాలుగా ముందు వరసలో కూర్చుని, పెదవి కదపకుండా, ప్రతి మాటా నోటుబుక్కులో ఎక్కించుకునే బట్టతల మనిషి.

"ఆ పెన్ను చూశారా? మీ జేబులోదీ అదే. ఆఫీసు పెన్ను!" అంది భార్య.

"ఊరుకోవే. పెన్నులు అందరికీ ఉంటాయి."

"రిటైరవడానికి రెండేళ్లుంది. వాళ్లు ఉద్యోగం పీకక ముందే మీరు ఆ మీసం పీకేయండి."

సోమవారం మేనేజరు పిలిచాడు. బల్ల మీద అదే నోటుబుక్కు. పక్కన అదే బట్టతల. మీటింగుల్లో మాటలు రాసుకోవడానికి కొత్తగా బదిలీ మీద వచ్చిన ఉద్యోగి. మాటలన్నీ పొల్లు పోకుండా రాశాడు. నవ్వులు మాత్రం రాయలేదు. రికార్డులో నవ్వులు ఉండకూడదని ఆయన నియమం.

"'అంత పెద్ద మనసు మాది.' ఇది మీరేనా?" అన్నాడు మేనేజరు. ముఖంలో ఏ భావమూ లేదు.

గుమాస్తా నసిగాడు. "అదీ... సార్..."

"మన ఆఫీసును ఇంతగా మెచ్చుకున్నవాణ్ణి నేను చూడలేదు. ఎల్లుండి కాలనీవాళ్లు బిందెలతో వస్తున్నారు. మీరే మాట్లాడండి. ఇవే మాటలు."

ఇది ఉచ్చే అనుకున్నాడు గుమాస్తా. మానేస్తే తప్పు ఒప్పుకున్నట్టు, మాట్లాడితే తనమీద తనే సాక్ష్యం చెప్పినట్టు. చివరికి మీసం లేకుండానే వరండాలో నిలబడి, గాలి మాట అనేశాడు.

బిందెల చప్పుడు ఆగిపోయింది. వెనక నుంచి ఒక ముసలావిడ, "అయితే ఆ గాలేదో నువ్వే పట్టుకెళ్లు నాయనా, ఇదిగో నా బిందె!" అంది. వరండా అంతా ఘొల్లుమంది. ఆ నవ్వుల మధ్యనే మేనేజరు లేచి, అంతే గంభీరంగా, రేపే పైపులు తవ్విస్తానని మాట ఇచ్చాడు.

లోపలికి వెళ్తూ మేనేజరు గుమాస్తా చెవి దగ్గర వంగాడు. "'బిల్లు' దగ్గర కాస్త ఆగాల్సింది. జనానికి నవ్వే టైమివ్వాలి."

ఉద్యోగం నిలిచింది. మనశ్శాంతి పోయింది. మేనేజరు "మీ పని బాగుందండీ" అన్నప్పుడల్లా గుమాస్తా ఇంటికొచ్చి, ఆ మాటను అదే గొంతుతో భార్యకు నాలుగుసార్లు వినిపిస్తాడు.

"ఇప్పుడు చెప్పవే. పొగిడాడా, వెటకారం చేశాడా?"