పూర్ణచంద్రరావు గారి సాలీళ్ళ కషాయం

పూర్ణచంద్రరావు గారికి సాలీడంటే ఉన్నంత భయం పెడన మొత్తంలో ఎవరికీ దేనికీ ఉండదు. అది కనిపించిందా, అరవై దాటిన మనిషి పంచె ఎగగట్టి కుర్చీ ఎక్కేస్తారు. కుర్చీ దొరక్కపోతే చుట్టాలు కూర్చున్న సోఫా ఎక్కేస్తారు. ఎక్కి, వీధి చివరిదాకా వినపడేలా "స్వర్ణా, సాలీడు!" అని కేక పెడతారు. "మొన్నమొన్నటిదాకా బాగానే ఉండేవారు. ముసలితనంలో కొత్త వేషాలు!" అంటారు భార్య స్వర్ణలత గారు.

అందుకని ఆయన రకరకాల కషాయాలు తయారుచేసి ఇల్లంతా చల్లుతుంటారు. వేపాకు, వెల్లుల్లి, పుదీనా, నిమ్మతొక్కలు, వెనిగరు... దేన్నీ వదల్లేదు. కిటికీలకి కర్పూరం మూటలు, గుమ్మాలకి లవంగనూనె. పోస్ట్‌మాన్ గేటు దగ్గరే తుమ్మి, ఉత్తరం విసిరేసి పోతాడు.

"ఏమండీ, సాంబారు కూడా పుదీనా వాసనేస్తోంది!"

"మంచిదేగా. సాంబార్లోకి సాలీడు రాదు."

కోడలు లిఖిత కూడా అందరితోపాటు నవ్వేది. కానీ సాలీడంటే ఆమెకి కాళ్ళూ చేతులూ ఆడవు. బందర్లో పుట్టింటివాళ్ళు అందుకే ఆమెని తెగ ఏడిపించేవారు. ఇక్కడ అత్తగారికి ఒక్కసారి దొరికితే, ఊళ్ళో ప్రతి పేరంటంలోనూ తన కథే చెప్పి నవ్విస్తారు. అందుకే మొగుడికి కూడా చెప్పలేదు. తనకన్నా పిరికి మావగారు దొరకడం పూర్వజన్మ సుకృతం అనుకుంది.

ఒకరోజు పొద్దున్నే పెరట్లోంచి స్వర్ణలత గారి కేక వినపడింది.

"అయ్యయ్యో! కొంప మునిగిందిరా దేవుడా!"

వాళ్ళది కలంకారీ అద్దకం పని. బెజవాడ షాపు ఆర్డరు కోసం కరక్కాయ నీళ్ళలో, గేదెపాలలో ముంచి ఆరేసిన తానులవి. లేత పసుపు గుడ్డల నిండా నువ్వులు చల్లినట్టు నల్ల చుక్కలు!

"దండేల మీదుగా సాలీళ్ళు ఇంట్లోకి వస్తాయని కాస్త చల్లాను, అంతే," అన్నారు పూర్ణచంద్రరావు గారు బిక్కమొహంతో.

"దేంట్లో కాశారు?"

"కాయలేదు. వెనిగర్లో అన్నీ నానేశాను. షెడ్డులో పాత ఇనప డబ్బా ఉందిగా."

ఆవిడ తల పట్టుకున్నారు. పుల్లటి నీళ్ళలో తుప్పు ఇనుము నానితే నల్లరంగు తయారవుతుంది. అది కరక్కాయ గుడ్డ మీద పడితే బ్రహ్మదేవుడు ఉతికినా పోదు. జీవితమంతా అలాగే నల్లరంగు చేసిన ఆవిడకి ఆ మాట ఒకరు చెప్పాలా?

"మొత్తం నల్లగా అద్దేసుకోవడమే. ఇవాళ్టితో మీ సీసాలన్నీ మురుక్కాలవలోకి!"

అన్నట్టే చేశారు. లిఖిత ఆ రాత్రి నుంచీ దుప్పటి దులపందే పడుకోలేదు.

సాలీళ్ళకి కబురు ఎవరు చేరవేశారో గానీ, ఆ వారంలోనే ఆమె దండెం మీది తువ్వాలు తీయగానే అరచేయంత సాలీడు మోచేతి మీదకి పాకింది. ఆమె పెట్టిన కేకకి ఇల్లు అదిరింది.

పూర్ణచంద్రరావు గారు పరుగెత్తుకొచ్చారు. కుర్చీ ఎక్కలేదు. చెయ్యి పెట్టి దాన్ని మెల్లగా ఎక్కించుకుని, కిటికీలోంచి జామకొమ్మ మీద వదిలారు. "వెళ్ళమ్మా," అన్నారు పైగా!

సాలీడుని చూసినదానికన్నా మావగారిని చూసి ఎక్కువ అదిరిపోయింది లిఖిత.

"మీకు భయం కదా మావయ్య గారూ!"

"నాకా? చిన్నప్పుడు అగ్గిపెట్టెల్లో పెంచేవాణ్ణి."

"మరి ఆ కుర్చీలు ఎక్కడం, కషాయాలు..."

ఆయన గొంతు తగ్గించారు. "నువ్వు కాపురానికొచ్చిన కొత్తలో వంటింట్లో సాలీడుని చూశావు. పాలు పొంగిపోతున్నా కదల్లేదు. మీ అత్తయ్య సంగతి తెలుసుగా, నవ్వడానికి ఆవిడకో మనిషి కావాలి. నాకైతే పెళ్ళయినప్పట్నుంచీ అలవాటే."

లిఖితకి కళ్ళు చెమర్చాయి. ఈలోగా "ఏంటా కేక?" అంటూ స్వర్ణలత గారు రానే వచ్చారు.

ఆయన చటుక్కున కుర్చీ ఎక్కేశారు. "స్వర్ణా, సాలీడు!"

ఆవిడ నవ్వడం మొదలుపెట్టేలోపే లిఖిత ఇంకో కుర్చీ లాక్కుని ఆయన పక్కనే ఎక్కేసింది.

"అరిచింది నేను అత్తయ్య గారూ. భయం నాది. మావయ్య గారికి లేదు, ఎప్పుడూ లేదు."

స్వర్ణలత గారు నోరు తెరుచుకుని ఒక కుర్చీ నుంచి ఇంకో కుర్చీకి చూశారు. తర్వాత చాలాసేపు భర్తనే చూశారు. చూస్తూ కూడా నవ్వకపోవడం ఆవిడ కాపురంలో అదే మొదటిసారి.

"దిగండి, నడుం పట్టేస్తుంది," అని చెయ్యి అందించారు. "లిఖితా, నువ్వూ దిగి ఆ స్టీలు గిన్నె పట్రా అమ్మా. మీ మావయ్య గారి కషాయంలోకి వెల్లుల్లి నేను ఒలిచి పెడతాను."